తేలికదనం – దృఢత్వం : ఒక పర్వత మంచుబండి నేర్పిన పాఠం

ప్రబంధాలూ ఛందస్సూ బోధించుకొనే తెలుగు ఉపన్యాసకులకు మంచు కొండలపై పరుగెత్తే యంత్రంతో ఏమి ప్రసక్తి అని విద్యార్థి మిత్రులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. మేము మంచును ఐసుగడ్డల రూపంలో చూచినవారమే గాని, మోకాలి లోతు మంచులో ఒక్క అడుగు వేసి ఎరుగము. అయినను ఈ వ్యాసానికి పూనుకొనుటకు ఒక ఉత్తరం కారణమైనది.

కొన్ని సంవత్సరాల క్రిందట మా కళాశాలలో బి.ఎస్సీ. చదివిన విద్యార్థి ఒకడు కెనడా వెళ్లి, ఆ దేశపు పడమటి భాగమైన బ్రిటిష్ కొలంబియాలో, ఒక కొండ ఊరి వర్క్‌షాపులో మెకానిక్కుగా స్థిరపడినాడు. తండ్రిగారి సైకిలు దుకాణంలో స్పోకులు బిగిస్తూ పెరిగినవాడు. తెలుగు పరీక్షలో ఏనాడూ అడిగినదానికి మించి ఒక్క వాక్యం వ్రాయనివాడు ఈ మధ్య "ఆదాబ్ సార్" అని మొదలుపెట్టి పదకొండు పుటల ఉత్తరం వ్రాసినాడు. తాను స్వయంగా తయారుచేసుకొన్న మంచుబండి ఒకటి విరిగిపోయిన వైనం, రెండవది నిలిచిన వైనం అందులో ఉన్నవి. చదివినకొద్దీ అది ఒక్క యంత్రానికి సంబంధించిన విషయం కాదని మాకు తోచినది. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, గ్రంథాలు తిరగవేసి, సందేహాలు తీర్చుకొని, ఆ సారాన్ని మీ ముందు ఉంచుతున్నాము.

మంచుబండి పుట్టుక

ఈ యంత్రాన్ని ఆంగ్లంలో స్నోమొబైల్ అంటారు. మన దేశంలో స్నో స్కూటర్ అనే పేరు వాడుకలో ఉన్నది. మనం మంచుబండి అనుకొందాము. దీనికి చక్రాలు ఉండవు. ముందు భాగాన మంచుపై జారే రెండు స్కీలు, వెనుక భాగాన ఎడతెగక తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టీ, నడుమ ఇంజను, పైన జీను వంటి ఆసనం ఉంటాయి. స్కీలు దారి మళ్లిస్తాయి. పట్టీ మంచును వెనుకకు నెట్టి బండిని ముందుకు తోస్తుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్ల్ ఎలియాసన్ అనే అతడు 1924లో ఇట్టి బండి నొకదానిని తయారుచేసి 1927లో పేటెంటు పొందినాడు. పాదంలోని లోపం వలన మంచులో మిత్రులతో సమానంగా నడువలేకపోవడమే అతనిని ఈ ప్రయత్నానికి పురికొల్పినది. పడవకు తగిలించే చిన్న మోటారు, సైకిలు భాగాలు, పాత ఫోర్డు కారు నుండి తీసిన సామాను – ఇవే అతని ముడిసరుకు.

అటు కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు ఉండేవాడు. 1907లో జన్మించిన ఇతడు పదిహేనేండ్ల ప్రాయంలోనే కారు ఇంజనుకు విమానపు రెక్క తగిలించి మంచుపై నడిపినాడు. తిరిగే రెక్క ఎవరిని నరుకునో అని తండ్రి భయపడి దానిని విప్పించివేసినాడు. 1934 శీతకాలంలో బొంబార్డియర్ రెండేండ్ల కుమారునికి కడుపులో అపెండిక్స్ వాచి ప్రాణం మీదికి వచ్చినది. దారులన్నీ మంచుతో పూడిపోయినవి. ఆసుపత్రికి చేర్చే సాధనం లేక పసివాడు మరణించినాడు. ఆ తండ్రి తిరిగి పనిలో దిగి, పళ్లచక్రం సహాయంతో తిరిగే పట్టీని రూపొందించి 1937లో పేటెంటు పొందినాడు. ఆయన తొలి బండ్లు ఏడుగురిని మోయగల పెద్ద వాహనాలు. డాక్టర్లనూ, టపానూ, బడిపిల్లలనూ మోసిన వాహనాలవి. ఒక్క మనిషి నడుపుకొనే చిన్న బండి చేయవలెనని మొదటి నుండి ఆయన కోరిక. కాని తేలికపాటి ఇంజనులు దొరకక అది దశాబ్దాల తరబడి నిలిచిపోయినది. అట్టి ఇంజనులు వచ్చిన తరువాత, అతుకు లేని రబ్బరు పట్టీ కూడా సిద్ధమైన తరువాత, 1959లో స్కీ-డూ అనే చిన్న బండి వెలువడినది.

ఈ చరిత్రలో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. మంచుబండి పుట్టుకను అంతకాలం ఆపినది శక్తి లోపం కాదు, బరువు.

కొండమంచు స్వభావం

మైదానంలో చదును చేసిన బాటపై నడిచే బండికీ, కొండల్లో ఎవరూ తొక్కని మెత్తటి మంచులో నడిచే బండికీ చాల భేదం కలదు. ఒక ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగుతుంది. అప్పుడే కురిసిన పొడిమంచు అదే పరిమాణంలో 50 నుండి 100 కిలోలకు మించదు. అనగా అందులో అధికభాగం గాలియే. దూదిపరుపుపై ఇటుక పెట్టినట్లు, బరువైన బండి అందులో దిగబడుతుంది. దిగబడిన బండిని పారతో తవ్వి, చేతులతో ఎత్తి బయటికి లాగవలసి ఉంటుంది. పలుచని గాలిలో ఆ శ్రమ మనిషిని క్రుంగదీస్తుంది.

కావున పర్వతాల బండికి పట్టీ పొడవుగా ఉంటుంది. బాటల బండ్ల పట్టీ చుట్టుకొలత 3.3 మీటర్ల ప్రాంతంలో ఉంటే, దీనిది 4 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పట్టీపై అడ్డంగా ఉండే రబ్బరు తెడ్లు ఆరున్నర నుండి ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తుంటాయి. పడవ తెడ్డు నీటిని నెట్టినట్లు అవి మంచును నెడతాయి. స్కీల నడుమ దూరం బాటల బండికి 42, 43 అంగుళాలు కాగా, దీనికి 36 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. నడిపేవాడు నిలబడి, తన శరీరాన్ని ఒక ప్రక్కకు వాల్చి, బండిని ఆ ప్రక్కకు ఒరిగించి ఏటవాలును అడ్డంగా దాటవలెను. స్కీలు దూరంగా ఉంటే అట్లు ఒరగదు.

ఇక చిన్న లెక్క ఒకటి చూద్దాము. కర్మాగారంలో తయారయ్యే నేటి పర్వత బండి ఇంధనం లేకుండా ఇంచుమించు 200 కిలోలు తూగుతుంది. మనిషి, దుస్తులు, సామగ్రి కలిపి మరి 100 కిలోలనుకొందాము. పట్టీ వెడల్పు 38 సెంటీమీటర్లు. మంచుకు ఆనే పొడవు 150 సెంటీమీటర్లు అనుకొంటే వైశాల్యం 5700 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడే బరువు 53 గ్రాములు. బూటు వేసుకొని ఒంటికాలిపై ఆనిన మనిషి మోపే బరువు సుమారు 300 గ్రాములు. మనిషి నడుము వరకు కూరుకొనిపోయే చోట బండి తేలిపోవడంలోని రహస్యం ఇదియే. పట్టీని పెంచితే తేలిక కలుగుతుంది గాని పట్టీ బరువు కూడ పెరుగుతుంది. అందుచేత చివరకు బరువు తగ్గించుటయే మార్గమని ఆ ప్రాంతపు మెకానిక్కులు భావిస్తారు. కర్మాగారపు బండిని కొని, విప్పి, భాగాలు మార్చి తమకు కావలసిన రీతిలో తిరిగి కట్టుకొనే పద్ధతి అందువలననే అచ్చట ప్రబలినది.

తొలిబండి కథ

మా విద్యార్థి చేసినదీ అదే. పాత బండిని ఒకదానిని కొని, తీయగలిగినదంతా తీసివేసినాడు. పట్టీపై కప్పుగా ఉండే అల్యూమినియం రేకుకు వరుసగా రంధ్రాలు తొలిచినాడు. ముందు స్కీలను పట్టి ఉంచే ఉక్కు చేతులు తీసి, అల్యూమినియం గొట్టాలతో తానే వెల్డింగు చేసిన చేతులు బిగించినాడు. బండిని తూచి చూస్తే 22 కిలోలు తగ్గినది. ఊరిలో అందరికీ చూపి సంతోషించినాడు.

మూడవ వారం మిత్రునితో కలిసి, చెరి ఒక బండిపై కొండల లోపలికి వెళ్లినాడు. సాయంకాలం దిగి వస్తుండగా మంచులో మరుగుపడిన చెట్టుమోడు ఎడమ స్కీకి తగిలినది. పెద్ద వేగం కూడ లేదు. ఆ చెయ్యి పుటుక్కున విరిగి స్కీ మడతపడిపోయినది. విరిగినది వెల్డింగు అతుకు దగ్గర కాదు, అతుకు ప్రక్కన. రోడ్డు 18 కిలోమీటర్ల దూరం. మిత్రుని బండిపై ఇద్దరూ ఎక్కి లోయ నుండి పైకి రావలెనని ప్రయత్నించినారు. ఇద్దరి బరువుతో అది మెత్తటి మంచులో దిగబడిపోయినది. చీకటి పడినది. మంచులో గుంట తవ్వుకొని రాత్రంతా అందులో గడిపినారు. తెల్లవారిన తరువాత స్వచ్ఛందంగా గాలింపు జరిపేవారు వచ్చి వారిని చేర్చినారు. మా విద్యార్థికి ఏమీ కాలేదు. మిత్రుని ఎడమకాలి రెండు వేళ్లు మంచుకాటుకు పోయినవి.

"సార్, బరువు తగ్గించినవాణ్ణి నేను. వేళ్లు పోయినది వాడికి" అని వ్రాసినాడు.

ఆ వర్క్‌షాపు యజమాని వయసు మళ్లిన వెల్డరు. ఆయన కోప్పడలేదట. ఒక నోటుపుస్తకం ఇచ్చి, ప్రతి పుటలో మూడు గళ్లు గీయమన్నాడు. మొదటి గడిలో ఆ భాగం బరువు. రెండవ గడిలో అది మోసే భారం ఏమిటి, ఏ వైపు నుండి వస్తుంది. మూడవ గడిలో అది విరిగితే ఏమవుతుంది. మూడు గళ్లూ నిండని భాగాన్ని ముట్టుకోరాదని నియమం పెట్టినాడు. రెండవ బండి ఆ పుస్తకం నుండి పుట్టినది. ఇకమీద మేము చెప్పబోయే విషయాలు చాలవరకు ఆ పుస్తకంలోనివే.

కదిలే బరువు, కదలని బరువు

కిలో ఎక్కడున్నా కిలోయే గదా అని మనం అనుకొంటాము. యంత్రంలో అది నిజం కాదు. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. పట్టీలో మంచుకు ఆనిన క్రింది భాగం, జారుడు లేనప్పుడు, ఆ క్షణాన నేలతో పోలిస్తే నిశ్చలంగా ఉంటుంది. పై భాగం 80 కిలోమీటర్ల వేగంతో ముందుకు పరుగెత్తుతుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుందని మన విద్యార్థులకు తెలిసినదే. లెక్క కట్టి చూస్తే, పట్టీలోని ఒక కిలోకు వేగం కల్పించుటకు, ఆసనంలోని రెండు కిలోలకు కల్పించినంత శక్తి కావలెను. అందుచేత పట్టీ, దానిని త్రిప్పే ఇరుసు, పళ్లచక్రాలు, బ్రేకు పళ్లెం – వీటిలో తగ్గించిన బరువుకు విలువ ఎక్కువ. మొదట దృష్టి సారించవలసినది ఇచ్చటనే. కాని బ్రేకు పళ్లెం పుటలో మూడవ గడి చూచినప్పుడు చేయి వెనుకకు పోతుంది. దానిని మరీ పలుచన చేస్తే దిగుడులో వేడెక్కి వంకరపోతుంది.

రెండవది, బరువు ఎక్కడ ఉన్నదనే ప్రశ్న. నడిపేవాని పాదాలకు దగ్గరగా ఉన్న బరువును అతడు తన శరీరంతో అదుపు చేయగలడు. ముక్కు భాగాన, తోక భాగాన ఉన్న బరువు అతని మాట వినదు. పెట్రోలు 40 లీటర్లు పోస్తే సుమారు 30 కిలోలవుతుంది. అందువలన ట్యాంకు మనిషికి దగ్గరగా ఉండటం మేలు.

గొట్టం యొక్క గుట్టు

లోహాల విషయంలో ఒక విచిత్రమున్నది. ఉక్కు సాంద్రత నీటికి 7.85 రెట్లు, టైటానియం 4.5 రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు. అయితే వంగకుండా నిలిచే గుణంలో కూడ ఆ మూడూ దాదాపు అదే నిష్పత్తిలో ఉన్నవి. అనగా కిలోకు కిలో పోలిస్తే లాగుడుకు మూడింటి బిగువూ ఇంచుమించు సమానమే. మరి అల్యూమినియం వాడుటలో లాభమేమి? అదే బరువుకు మందమైన, వెడల్పైన ఆకారం లభిస్తుంది. బలం పదార్థంలో కొంత ఉంటే, ఆకారంలో మరికొంత ఉన్నది.

గొట్టాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఒకే పొడవు, ఒకే బరువు గల రెండు పలుచని గొట్టాలలో ఒకదాని వ్యాసం రెండవదానికి రెట్టింపైతే, వంపును ఎదిరించే బిగువు నాలుగింతలవుతుంది; విరగకుండా మోసే భారం రెండింతలవుతుంది. మన వెదురు ఈ సూత్రాన్ని ఎన్నడో పాటించినది. లోపల బోలు, బయట గట్టిదనం, నడుమ నడుమ కణుపులు. ఆ కణుపులు లేకుంటే వెదురు నొక్కుకొనిపోతుంది. గొట్టం గోడను మరీ పలుచన చేస్తే ఇదే ప్రమాదం. రాయి తగిలి సొట్టపడిన గొట్టానికి బలం తగ్గిపోతుంది. సైకిలు చక్రపు స్పోకుల సంగతి మా విద్యార్థికి బాల్యం నుండి తెలుసు. పుల్ల వంటి తీగలు నిండు మనిషిని మోయగలుగుతున్నవంటే, వాటిని లాగుడుకే గాని వంపుకు గురిచేయకపోవడమే కారణం.

అతుకు ప్రక్కన ఎందుకు విరిగినది

తొలిబండి చెయ్యి అతుకు ప్రక్కన విరుగుటకు రెండు కారణాలు. అతడు వాడినది 6061 అనే అల్యూమినియం మిశ్రమం. దీనిని కాచి, చల్లార్చి, తిరిగి తగుమాత్రం వేడిచేసి కర్మాగారంలో గట్టిపరుస్తారు. వెల్డింగు వేడి తగిలినచోట ఆ గట్టిదనం నశిస్తుంది. అతుకు ఇరుప్రక్కల లోహం మూడోవంతుకు పైగా బలాన్ని కోల్పోతుంది. అతుకు చూపులకు నున్నగానే ఉంటుంది. పనితనానికీ దీనికీ సంబంధం లేదు. తిరిగి ఆ బలం రావలెనంటే భాగమంతటినీ 530 డిగ్రీల ప్రాంతంలో కాచి, నీటిలో ముంచి, మరల తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచవలెను. చిన్న వర్క్‌షాపులో అట్టి కొలిమి ఉండదు. కర్మాగారాలు అల్యూమినియం చట్రాలను చాల చోట్ల రివెట్లతోనూ జిగురుతోనూ బిగించుటకు ఇది ఒక కారణం.

రెండవ కారణం లోహపు అలసట. ఇనుపతీగను చేతితో అటు ఇటు పదేపదే వంచితే తెగిపోతుంది. ఒక్కసారి వంచినప్పుడు తెగని తీగ ఇరవైసార్లకు ఎందుకు తెగినది? ప్రతి వంపులోనూ కంటికి కనిపించని బీటిక కొంత కొంత ప్రాకుతుంది. ఉక్కులో ఒక హద్దు ఉన్నది. దానికి లోబడిన కుదుపులను అది ఎన్ని లక్షల సార్లయినా ఓర్చుకొంటుంది. అల్యూమినియానికి అట్టి స్పష్టమైన హద్దు లేదు. చిన్న కుదుపు కూడ దాని ఆయుష్షులో కొంత తగ్గిస్తుంది. మంచుబండి ముందు చేతులకు గంటకు వేల కుదుపులు.

రెండవ బండికి అతడు ముందు చేతులను క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టంతో చేసినాడు. 4130 అనే సంఖ్యతో వ్యవహరించే ఈ ఉక్కును చిన్న విమానాల చట్రాలకు వాడుతారు. తొలి చేతుల కంటె ఇవి కొంత బరువు. కాని దెబ్బ తగిలినప్పుడు ఉక్కు చాలవరకు ముందు వంగుతుంది, తరువాతనే విరుగుతుంది. వంగిన చేతిని కొండమీదనే రాతితో కొట్టి సరిచేసుకొని ఇంటికి రావచ్చు. కర్బనపు నార కలిపిన పలకలు ఉక్కులో ఐదవవంతు సాంద్రత మాత్రమే గలవి. కాని అవి వంగి హెచ్చరిక చేయవు, ఒక్కసారిగా చిట్లుతాయి. అందుచేత వాటిని ఇంజను కప్పుకు వాడినాడు గాని, స్కీల చేతులకు వాడలేదు. ఎట్లు విరుగుతుందో తెలిసిన భాగమే నమ్మదగిన భాగమని ఆ వృద్ధ వెల్డరు చెప్పేవాడట.

రంధ్రం కూడ ఒక బరువే

రేకుకు రంధ్రాలు తొలిస్తే బరువు తగ్గుతుంది. ఇది పైకి కనిపించే లాభం. లాగుడుకు గురైన వెడల్పాటి రేకులో చిన్న గుండ్రని రంధ్రం ఉంటే, దాని అంచున ప్రతిబలం మిగిలిన రేకులోనిదానికి మూడింతలవుతుంది. ఏటి ప్రవాహానికి అడ్డంగా రాయి ఉంటే నీరు దాని ప్రక్కల వడిగా పోయినట్లు, భారం రంధ్రం చుట్టూ ఒత్తిగిలి పోతుంది. అంచు గరుకుగా ఉంటే బీటిక అక్కడే పుడుతుంది. తొలిబండిని విప్పి చూచినప్పుడు మూడు రంధ్రాల నుండి వెంట్రుకల వంటి బీటికలు బయలుదేరి ఉన్నవట. ఆ రోజు చెయ్యి విరుగకున్నా, కొద్ది వారాలలో కప్పురేకే చినిగేది.

రంధ్రాలు మంచివైన చోటు కూడ ఒకటున్నది. నడిపేవాడు పాదాలు మోపే ప్రక్కపలకలకు పెద్ద రంధ్రాలుంటే మంచు వాటి గుండా క్రిందికి రాలిపోతుంది. లేనిచో అది పేరుకొని గడ్డకట్టి కొన్ని కిలోల అదనపు బరువవుతుంది. ఆ రంధ్రాల అంచులను పైకి మడిచితే రేకు బిగుస్తుంది, కాలికి పట్టూ దొరుకుతుంది. ఒక్క పనిలో మూడు ప్రయోజనాలు. స్థలం తెలిసి చేసిన రంధ్రం వేరు, తెలియక చేసిన రంధ్రం వేరు.

ఎత్తు, చలి

సముద్రమట్టానికి 3000 మీటర్ల ఎత్తున గాలి పీడనం క్రింద ఉన్నదానిలో సుమారు 70 శాతమే. ఇంజనుకు ప్రాణవాయువు తగ్గి శక్తి నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు పడిపోతుంది. నేలపై 160 అశ్వశక్తి గల ఇంజను కొండపై అంత శక్తి ఇవ్వదు. గాలిని కుదించి ఇంజనులోనికి పంపే టర్బో పరికరం ఈ లోటును పూరిస్తుంది. 2020 నమూనాల నాటి నుండి టూ స్ట్రోక్ పర్వత బండ్లను కర్మాగారాలే టర్బోతో అమ్మసాగినవి. కాని దానికీ బరువున్నది, వేడి ఉన్నది. తగ్గించిన బరువు మాత్రం ఏ ఎత్తుననైనా ఒకే విధంగా మేలు చేస్తుంది. ఈ బండ్లలో టూ స్ట్రోక్ ఇంజను వాడుటకు కూడ బరువే కారణం. దానిలో భాగాలు తక్కువ. ఇరుసు తిరిగిన ప్రతిసారీ శక్తి పుడుతుంది. గేర్లు ఉండవు. మన ఊళ్లలో తిరిగే గేర్లు లేని స్కూటర్లలో వలెనే, రెండు కప్పీల నడుమ బెల్టు తిరుగుతూ, వేగాన్ని బట్టి కప్పీల వెడల్పు తనంతట తాను మారుతుంది. ఆ బెల్టు తెగితే ముక్కలు తుపాకి గుండ్ల వలె ఎగురుతాయి. దానిపై మూత తీసివేసి ఒక కిలో మిగుల్చుకొన్నవారు ఉన్నారట. ఆ పుటలో మూడవ గడి వారు చూడలేదన్న మాట.

చలి మరియొక పరీక్షకుడు. సున్నాకు దిగువ ముప్పై డిగ్రీలలో కొన్ని ప్లాస్టిక్కులు గాజు వలె పగులుతాయి. సాధారణపు ఉక్కు రకాలు కొన్ని పెళుసుబారుతాయి. అల్యూమినియానికి ఆ దోషం లేదు. అచ్చట అది ఉక్కును మించినది. ఆశ్చర్యకరమైన విషయమేమనగా ఈ బండికి మంచే వైద్యుడు కూడ. పట్టీ ఎగజిమ్మిన మంచు కప్పురేకు అడుగున ఉన్న గొట్టాలను తాకి ఇంజను నీటిని చల్లబరుస్తుంది. పట్టీ జారే పట్టాలకు కందెన కూడ మంచే. గట్టిపడిన ఐసుపై మంచు ఎగరక ఇంజను వేడెక్కుతుంది. బరువు తగ్గించే ఉత్సాహంతో ఆ గొట్టాలను కురుచ చేసినవారు చలిలోనే ఇంజను కాల్చుకొన్నారు.

పరీక్ష

రెండవ బండిలో తగ్గినది 14 కిలోలు మాత్రమే. బ్యాటరీ తీసి త్రాడు లాగి నడిపే ఏర్పాటు చేసినాడు. ఆసనం చిన్నది చేసినాడు. ఉక్కు స్ప్రింగుల స్థానంలో గాలి నింపిన షాక్ అబ్జార్బర్లు అమర్చినాడు. నూనెలో తిరిగే గొలుసు పెట్టెకు బదులు పళ్ల బెల్టు బిగించినాడు. బ్రేకు, స్టీరింగు దండం, దీపం, నడిపేవాడు పడిపోతే ఇంజనును ఆపివేసే త్రాడు – వీటిని తాకలేదు. ఊరి ప్రక్క మైదానంలో పది రోజులు నడిపి, మరల పూర్తిగా విప్పి, ప్రతి అతుకుకు ఎర్రని రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లి చూచినాడు. బీటిక ఉంటే అందులో దాగిన ఎరుపు తెల్లని పొడిపైకి గీతగా ఉబికి వస్తుంది. ఎచ్చటా రాలేదు. మూడు శీతకాలాలుగా ఆ బండి నడుస్తున్నది. వేళ్లు పోగొట్టుకొన్న మిత్రుడు తన బండిని కూడ అతనికే అప్పగించినాడట. ఉత్తరంలో మమ్ము కదలించిన వాక్యం అదియే.

ఒక హెచ్చరిక కూడ అతడు మరచిపోలేదు. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుండి 45 డిగ్రీల ఏటవాలులలో. తేలికైన బండి మనిషిని సరిగ్గా అట్టి చోటికే తీసుకొనిపోగలదు. అందుచేత సంకేతాలు పంపే చిన్న రేడియో పరికరం, పొడవాటి చువ్వ, పార – ఈ మూడూ లేనిదే వారు కొండ ఎక్కరు. వాటి బరువును తగ్గించవలసిన బరువుగా ఎవరూ లెక్కించరు.

మనకేమి సంబంధం

ఇదంతా పరదేశపు ముచ్చట అనుకొనరాదు. కాశ్మీరులోని గుల్మార్గులో యాత్రికులు ఎక్కే మంచుబండ్లు ఉన్నవి. 1984 నుండి మన సైన్యం కాపలా కాస్తున్న సియాచిన్ హిమానీనదంపై స్నో స్కూటర్లు సామగ్రిని మోస్తున్నవి. అచ్చట 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనం శిబిరంపై 2016 ఫిబ్రవరి 3న మంచు గోడ విరిగిపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది దాని క్రింద చిక్కుకొన్నారు. వారిలో ఎవరూ దక్కలేదు. వారిలో ఒకరు తెలుగునాట కర్నూలు జిల్లాకు చెందిన ముస్లిం యువకుడు. ఏ యంత్రమూ ఆ విపత్తును ఆపగలిగేది కాదు. కాని అట్టి ఎత్తులలో, గాలి సగానికి తగ్గిన చోట, మన పిల్లలు కాపురం ఉంటున్నారని, వారి ఆహారమూ మందులూ మోసే ప్రతి యంత్రంలోనూ ప్రతి కిలోకూ అర్థమున్నదని ఆ వార్త మనకు గుర్తుచేసినది.

విద్యార్థి మిత్రులారా! తేలిక చేయుట అనగా తీసివేయుట కాదు. ఏది దేనిని మోస్తున్నదో తెలిసికొనుట. తెలిసిన తరువాత తీసివేయవలసినది కొంచెమే మిగులుతుంది. తెలియక తీసివేసినదాని భారం మాత్రం ఎక్కడికీ పోదు. మన ప్రక్కన ఉన్నవాని మీద పడుతుంది. మీరు ఇంజనీర్లు కావచ్చు, కాకపోవచ్చు. ఇంటిలోనో, కార్యాలయంలోనో, సంఘంలోనో ఒకనాడు ఏదో ఒకటి అనవసరమని తీసివేయవలసిన అధికారం మీ చేతికి వస్తుంది. ఆనాడు ఆ నోటుపుస్తకంలోని మూడవ గడిని జ్ఞాపకం చేసికొనండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మా విద్యార్థి చేతిపనిని నేర్చినది తండ్రిగారి దుకాణంలో, లెక్కను నేర్చినది మన తరగతిలో. ఆ రెండూ ఒకచోట కలిసి ఉంటే ఆ రాత్రి అతనికి తప్పేదేమో! మన ఆవరణలో వాడుక లేని సైకిలు షెడ్డు ఒకటి ఉన్నది. అందులో ఒక బల్ల, ఒక పట్టుగొయ్య, ఒక మంచి త్రాసు, కొన్ని పనిముట్లు సమకూర్చితే చాలు. నోటుపుస్తకాలు మా విద్యార్థులు తెచ్చుకొంటారు. గళ్లు గీయడం మేము నేర్పుతాము.